కుర్చీ మీద పెట్టిన సంచి

మా ఇంట్లో పోకూడని కాగితాలన్నీ దేవుని గ్రంథంలోనే ఉంటాయి. మా అవ్వ కాలం నుంచి అంతే. బాప్తిస్మం చీటీలు, రేషను కార్డు, నాయన జబ్బుకు డాక్టరు రాసిన చివరి మందుచీటీ, చెల్లెలికి నర్సింగులో సీటు వచ్చిందని వచ్చిన కార్డు, అన్నీ ఆ పేజీల మధ్యనే నలగకుండా ఉన్నాయి. పెట్టె తాళంచెవి పోయింది, ఒకసారి పెట్టే పోయింది. గ్రంథంలో పెట్టింది మాత్రం పోలేదు. అందుకని మొదటిసారి విమానం ఎక్కబోయే ముందు పాస్‌పోర్టు ఎక్కడ పెట్టుకోవాలా అని నేను ఆలోచించనే లేదు.

నేను బడికి పోలేదు. అవ్వకు చూపు పోయాక ఇంట్లో ఒక మనిషి ఉండాల్సి వచ్చింది. సాయంత్రాలు నాయన అరుగు మీద బొగ్గుతో అక్షరాలు రాసి దిద్దించేవాడు. పగలంతా అవ్వ మంచం పక్కన కూర్చుని అవే అక్షరాలు కూడబలుక్కుంటూ గ్రంథం చదివి వినిపించేదాన్ని. తప్పు చదివితే అవ్వ కళ్ళు మూసుకునే దిద్దేది. అట్లా తెలుగు వచ్చింది. ఇంగ్లీషులో పెద్దక్షరాలూ అంకెలూ నాయనే నేర్పాడు. "బస్సు బోర్డులు చూసుకునేదానికి చాల్లే" అన్నాడు. చాలాయి. ఈ మధ్య దాకా నేను బస్సు ఎక్కి పోలేని చోటికి పోవాల్సిన అవసరం రాలేదు.

చెల్లెలు నాకంటే బాగా చిన్నది. అమ్మ పోయినప్పుడు దానికి ఇంకా జడ వేసుకోవడం రాదు. నేనే వేశాను. చదివించింది నాయన, నిలబెట్టింది దేవుడు. నర్సై మస్కట్ పోయింది, అక్కడే పనిచేసే మనవాడినే పెళ్ళి చేసుకుంది. రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నిలిచింది. నెలలు నిండుతుండగా బీపీ పెరిగిందనీ ఆపరేషను చేయాలనీ డాక్టర్లు చెప్పారు. భర్త సముద్రం మధ్యలో చమురు తీసే చోట పనిలో ఉన్నాడు. మరో వారం దాకా ఒడ్డుకు రానివ్వరు.

ఫోన్లో అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"అక్కా, నువ్వొస్తేనే నేను లోపలికి పోతా."

"పిచ్చి మాటలు మాట్లాడబాక. డాక్టర్లు నీకోసరం కూర్చోనుంటారా?"

"కూర్చోరు. అందుకే నువ్వు రా. రెండుసార్లు ఒంటరిగానే పోయినా అక్కా లోపలికి. రెండుసార్లూ వట్టి చేతుల్తోనే వచ్చినా. ఈసారి నువ్వు కనపడకుండా పోను."

వీసా ఆలస్యమైంది. చివరికి దొరికిన టికెట్టు ఆపరేషను రోజుదే. పొద్దున చెన్నైలో ఎక్కాలి, మధ్యలో గల్ఫ్‌లో ఒక పెద్ద ఎయిర్‌పోర్టులో దిగి ఇంకో విమానం ఎక్కాలి, మధ్యాహ్నం దాటేసరికి మస్కట్ చేరాలి. సాయంత్రం దాన్ని లోపలికి తీసుకుపోతారు. ఆ రెండో విమానం తప్పితే తరువాతది మరునాడే.

బయలుదేరే ముందు మా మేనత్త కాయం కొట్టి పంపింది. శొంఠి, పిప్పళ్ళు, వాము, ఇంకా ఏమేమో వేసి దంచే బాలింత పొడి అది. అక్కడ బెల్లం, నెయ్యి కలిపి ఉండలు చేసుకుంటే సరిపోతుంది. మా ఇంట్లో కాయం తినకుండా మంచం దిగిన బాలింత లేదు. చెల్లెలు ముందే హెచ్చరించింది, అందులో గసగసాలు మాత్రం వద్దని. నేను వింజమూరు పోయి అత్త ముందు కూర్చుని మరీ చెప్పాను.

"అత్తా, గసాలు వెయ్యబాక. ఆ దేశాల్లో అవి తెస్తే జైల్లో పెడతారంట."

"గసాలకి జైలా? మరి ఆవాలకేంది, ఉరేస్తారా?"

"నిజం అత్తా. మత్తు మందు లెక్కంట."

"నా చేతి కాయం తిని ఎవురికి మత్తెక్కిందో చెప్పు. నువ్వూ దాంతోనే పెరిగినావు."

"అత్తా..."

"సరేలే మే. చెప్పినావుగా."

మా అత్త 'సరేలే' అంటే విన్నానని అర్థం. చేస్తానని కాదు. పులుసులో చింతపండు తగ్గించమని మా మామ చెప్పినప్పుడూ సరేలే అనేది. ఆయన బతికినన్నాళ్ళూ ఆ పులుపే తిన్నాడు.

పొడిని అమ్మ స్టీలు డబ్బాలో పోశాను. పుట్టబోయే బిడ్డకు మెత్తగా ఉతికిన పాత చీర గుడ్డలు, ఉదయగిరి చెక్క పనివాళ్ళ దగ్గర కొన్న చిన్న గరిటె, ఒక జత బట్టలు, వాటి మీద గ్రంథం. అన్నీ ఒక్క భుజం సంచిలోనే. ఆత్మకూరు బస్టాండులో పాస్టరయ్య నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆయన ఆమేన్ అనేదాకా కండక్టరు ఆగి విజిలు ఊదాడు. ఆ మర్యాదకు నేను అతనికి ఇప్పటికీ స్తోత్రాలు చెప్పుకుంటాను.

చెన్నైలో ఎక్కిన విమానంలో నా పక్క సీట్లలో ఒక సాయిబు, ఆయన భార్య. అనుమసముద్రంపేట దగ్గరి పల్లె వాళ్ళది. జెడ్డాలో ఉన్న అల్లుడు మక్కా చూపిస్తానని టికెట్లు పంపాడు. వాళ్ళూ నాలాగే మధ్యలో దిగి మారాలి, వాళ్ళకూ విమానం ఇదే మొదలు. నా నోట్లోంచి ఒక మాట రాగానే ఆవిడ నా వైపు తిరిగింది.

"ఏ ఊరు మే మీది? ఆత్మకూరా?"

"ఆత్మకూరుకీ ఉదయగిరికీ నడాన, బూబమ్మా."

ఆవిడ భర్తను మోచేత్తో పొడిచింది. "చూసినావా, మన పక్క మనిషి. నేను చెప్పలా, అల్లా ఎవుర్నో ఒకర్ని తోడు పంపిస్తాడని?"

"పంపించినాడ్లే," అన్నాడాయన. "మనకీ తెలీదు, ఈమెకీ తెలీదు. ముగ్గురు గుడ్డోళ్ళు చేతులు పట్టుకున్నట్టుండాది."

దారి పొడుగునా చెల్లెలి సంగతి ఆవిడకు చెప్పాను. ఆవిడ తన కూతుళ్ళ కాన్పులు ఒక్కొక్కటే చెప్పింది. సాయిబు నిద్రపోయినట్టు కళ్ళు మూసుకున్నాడు గానీ ఆవిడ ఎక్కడైనా ఒక్క మాట తప్పు చెబితే కళ్ళు తెరవకుండానే దిద్దాడు. నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

విమానం దిగి లోపలికి నడిచాక నా ధైర్యం సగం పోయింది. మా వైపు ఎక్కడ నిలబడినా ఉదయగిరి కొండ కనిపిస్తుంది, అది ఏ వైపుందో చూసి మనం ఎటున్నామో చెప్పుకుంటాం. అక్కడ కొండ లేదు. ఎండ కూడా లేదు, అంతా దీపాలే. ఎటు తూర్పో తెలియలేదు. నేల అద్దంలా ఉంది, జారతానేమోనని చెప్పులు ఈడ్చి నడిచాను. జనం ఒకరినొకరు చూడకుండా ఏరులా పోతున్నారు. ఎవరినైనా ఆపి అడగాలంటే ఆ ఏటిలోకి చెయ్యి పెట్టినట్టే.

నా బోర్డింగ్ పాస్ మీద బి అక్షరం ఉంది, పక్కన అంకెలు. ఎత్తున పసుపు బోర్డుల మీద ఆ అక్షరం కోసం వెతికాను. కర్రకు రెండు పొట్టలు అని నాయన అరుగు మీద నేర్పిన అక్షరం. దేవుని దయ, కనిపించింది. బాణం గుర్తు చూసుకుంటూ ముందు నేను, నా కొంగు పట్టుకుని బూబమ్మ, వెనక సాయిబు.

కదిలే మెట్ల దగ్గర ముగ్గురం ఆగిపోయాం. వెనక జనం పోగయ్యారు.

"నువ్వు కాలు పెట్టు మే," అంది బూబమ్మ.

"మీరు పెట్టండి, నేను మీ చెయ్యి పట్టుకుంటా."

"ఇద్దరూ మంతనాలు ఆపి ఎవురో ఒకరు కదలండి, ఈళ్ళు మనల్ని తోసేసేట్టుండారు," అన్నాడు సాయిబు.

ఆవిడ బిస్మిల్లా అంది, నేను ప్రభువా అన్నాను. ఇద్దరం ఒకేసారి కాలు పెట్టాం. పైన దిగాక ఒక రైలు ఉంది. ఎయిర్‌పోర్టు లోపలే రైలు. అది ఎక్కకపోతే బి దగ్గరికి పోలేమని పక్కన నిలబడిన ఒక మలయాళీ పిల్ల వేలితో చూపించింది. ఎక్కాం. తలుపులు మూసుకుంటుంటే నా సంచిని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాను. అది ఎక్కడికి తీసుకుపోతుందో, తప్పు చోట దించితే తిరిగి రావడం ఎట్లాగో. ఆ లోపల మస్కట్ విమానం వెళ్ళిపోతే చెల్లెలు తలుపు వైపు చూస్తూ... అంతకు మించి ఆలోచించకుండా కళ్ళు మూసుకున్నాను.

సరైన చోటే దిగాం. తనిఖీ దగ్గర సంచిని మిషనులో పెట్టమన్నారు. అది అవతల వైపు వచ్చేదాకా అక్కడే చూస్తూ నిలబడ్డాను. ఏమీ అడగకుండా ఇచ్చేశారు. నా గేటు దొరికింది. వాళ్ళ గేటు రెండు అడుగులు అవతల. మస్కట్ విమానానికి ఇంకా వరుస కట్టలేదు. స్తోత్రం అనుకున్నాను, ఇంక విమానం ఎక్కడమే మిగిలింది.

అద్దాల గోడ పక్కన వరుసగా మూడు కుర్చీలు ఖాళీగా కనిపించాయి. సాయిబు భుజం మీది గళ్ళ తువ్వాలు తీసి ఆ మూడింటి మీదా పరిచాడు.

"ఇంక ఎవురూ రారు," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నాయన అచ్చం అట్లాగే చేసేవాడు. ఆత్మకూరు బస్టాండులోకి బస్సు ఇంకా తిరుగుతుండగానే కిటికీలోంచి తువ్వాలు విసిరేవాడు. తరువాత తీరిగ్గా టీ తాగి, అందరికీ వందనాలు చెప్పి, మమ్మల్ని ఎక్కించేవాడు. తువ్వాలు పడిన సీటు దగ్గరికి దేవుడొచ్చినా నిలబడాల్సిందే అనేవాడు. అట్లా అనబాకరా అని అవ్వ తిట్టేది. తువ్వాలు లేనివాళ్ళు సంచి పెట్టేవాళ్ళు. ఇన్నేళ్ళలో ఒకరి సంచిని ఇంకొకరు ముట్టుకోగా నేను చూడలేదు.

సాయిబు నమాజు గది వెతుక్కుంటూ పోయాడు. బూబమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కోవాలంది. నాకూ బాత్రూముకు పోవాల్సి ఉంది. లేచాక సంచి దగ్గర ఆగాను. లోపల గ్రంథం ఉంది. దాన్ని మరుగుదొడ్డిలోకి తీసుకుపోవడానికి నాకు మనసొప్పలేదు.

"మేమూ అంతే మే, మా పుస్తకాన్ని అట్లాంటి చోటికి తీసకపోం," అంది బూబమ్మ. "ఈడ పెట్టు. తువ్వాలు ఉండాదిగా."

తువ్వాలు మీద సంచి పెట్టాను. పాస్‌పోర్టూ బోర్డింగ్ పాసూ గ్రంథంలోనే ఉన్నాయి. అందులో పెట్టింది పోదు.

లోపల ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఆలస్యమైంది. తిరిగి వచ్చేసరికి మా కుర్చీల చుట్టూ చాలా దూరం దాకా పసుపు పట్టీ కట్టి ఉంది. జనాన్ని వెనక్కి నెట్టారు. యూనిఫారం వేసుకున్న మగవాళ్ళు, నల్లటి గుడ్డ తలకు చుట్టుకున్న ఒక ఆఫీసరమ్మ, ఒక కుక్క. మధ్యలో ఖాళీ నేల మీద తువ్వాలు పరిచిన కుర్చీలు, నా సంచి.

"ఏందబ్బా, ఎవురికేమైంది?" అంది బూబమ్మ.

కుక్క నా సంచి దగ్గరికి పోయి వాసన చూసింది. అప్పుడు నాకు అర్థమైంది.

"నాది," అన్నాను తెలుగులో. ఎవరూ వినలేదు. చెయ్యెత్తి గట్టిగా అరిచాను. "అది నాదయ్యా!"

యూనిఫారం మనిషి ఒకడు నా దగ్గరికి వచ్చాడు. పాస్‌పోర్ట్ అన్నాడు. ఆ మాట ఎక్కడైనా ఒకటే. నేను సంచిని చూపించాను. టికెట్ అన్నాడు. మళ్ళీ సంచినే చూపించాను. నువ్వెవరని అడిగితే ఇదిగో అని చూపించడానికి ఆ క్షణాన నా దగ్గర నేను తప్ప ఏమీ లేదు. నా ఫోను కూడా సంచిలోనే ఉంది.

అప్పుడే నమాజు ముగించుకుని సాయిబు వచ్చాడు. పట్టీ మధ్యలో తన తువ్వాలు చూసి నేరుగా లోపలికి నడవబోయాడు. ఆయన్ని ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపారు. ఆయన ఉర్దూలో గొడవకు దిగాడు. యూనిఫారం మనిషికి ఆ భాష వచ్చు. ఏం మాట్లాడుకుంటున్నారో బూబమ్మ నాకు చెబుతూ వచ్చింది.

"సీటు కోసరం ఏసిన తువ్వాలని చెప్తాండాడు. ఆ మనిషికి అర్థం కావడం లా. ఈడ సీట్లు అందరివీ, తువ్వాలెందుకు అంటాండాడు. మనిషి లేకుండా సంచి వదిలితే బాంబు అనుకుంటారంట మే."

"బాంబా? బిడ్డ గుడ్డలు బూబమ్మా అందులో."

"నాకు చెప్పి ఏం లాభం, ఆ కుక్కకి చెప్పాల. అది ఇటు రాకుండా చూడు, తాకిందంటే నేను మళ్ళా కడుక్కోవాల."

నా గేటు దగ్గర వరుస కదులుతోంది. చెన్నైలో నా వెనక కూర్చున్నవాళ్ళు పాస్ చూపించి తలుపులోంచి లోపలికి పోతున్నారు. ఒక్కొక్కరు పోతుంటే నా గుండె ఒక్కొక్క మెట్టు దిగింది. తండ్రీ, నన్ను కాదు, దాన్ని చూడు అని లోపలే అనుకున్నాను.

చాలాసేపటికి ఆఫీసరమ్మ చేతులకు పల్చటి తొడుగులు వేసుకుని సంచి తీసుకొచ్చి నా ఎదురుగా ఒక బల్ల మీద తెరిచింది. గ్రంథం చేతికి తగలగానే ఆగింది. రెండు చేతులతో పైకి తీసింది. తెరిస్తే పాస్‌పోర్టు, పాస్, వాటి వెనకే మా ఇంటి కాగితాలన్నీ. నా ఫొటో చూసి, నన్ను చూసి, అన్నీ ఉన్నచోటే పెట్టి మూసింది. బట్టలు, గుడ్డలు, చెక్క గరిటె. గరిటెను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది కూడా. ఇంక వదిలేస్తారనుకున్నాను.

డబ్బా మూత తీసింది. నవ్వు పోయింది.

ఏదో అడిగింది. యూనిఫారం మనిషి ఉర్దూలో చెప్పాడు, బూబమ్మ నాకు చెప్పింది.

"ఇదేం పొడి అంటాది."

"కాయం. బాలింతకి."

బూబమ్మ చేతులతో కడుపు చూపించి, బిడ్డను ఊపినట్టు ఊపి చెప్పింది. ఆఫీసరమ్మ తల ఊపింది. ఇంకో మాట అడిగింది. ఆ మాటకు బూబమ్మ నా వైపు చూసి గొంతు తగ్గించింది.

"గసాలు ఉండాయా ఇందులో అంటాది మే."

గేటు మీద బోర్డులో మస్కట్ పక్కన ఎర్ర అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి. వరుసలో ఒక ముసలాయన, ఇద్దరు ఆడపిల్లలు మాత్రమే మిగిలారు. లేవు అంటే చాలు. అక్కడ నా మాట తప్పని చెప్పగలిగిన మనిషి ఎవరూ లేరు. కానీ నాకు అత్త 'సరేలే' చెవిలో వినిపిస్తోంది. ఉన్నాయంటే ఏం చేస్తారో చెల్లెలు చెప్పింది. తెలియదంటే ఏం చేస్తారో ఎవరూ చెప్పలేదు.

"లేవని చెప్పు మే," అన్నాడు సాయిబు. "ఎవురికి తెలుస్తాది? ఆడ నీ చెల్లెలు ఎదురు చూస్తాంటే."

బూబమ్మ ఆయన మీదికి తిరిగింది. "నోర్ముయ్. మక్కాకి పోతా పోతా ఆమెకి అబద్ధం నేర్పిస్తుండావా?"

"నేర్పిచ్చడం కాదు, ఫ్లైటు పోతాదని..."

"పోతే పోనీ. నువ్వు మళ్ళా తువ్వాలేసి ఆపుదువులే."

నేను కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన రాలేదు. చిన్నప్పుడు చదవడం రాని మాట దగ్గర ఊహించి చదివేస్తే, రాకపోతే రాలేదని చెప్పు, కల్పించబాక అనేది అవ్వ. అదే వచ్చింది.

"తెలీదు," అన్నాను. "వెయ్యొద్దని చెప్పినా. మా అత్త సరేనంది. వేసిందో లేదో నాకు తెలీదు."

బూబమ్మ నన్నొకసారి చూసి, అదే చెప్పింది. యూనిఫారం మనిషి విని ఆగాడు. బహుశా అట్లాంటి జవాబు అతనికి కొత్త. ఆఫీసరమ్మ ఎవరితోనో రేడియోలో మాట్లాడింది. తల నెరిసిన ఇంకో ఆఫీసరు వచ్చి డబ్బాలోకి వంగి వాసన చూశాడు. తుమ్మాడు. శొంఠి ఘాటు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నంత సేపూ నేను గేటు వైపు చూడలేదు. చూస్తే ఏడుస్తానని తెలుసు.

"పరీక్షకి పంపిస్తారంట," అంది బూబమ్మ. "ఏం లేకపోతే సాయంత్రానికి నిన్నూ పొడినీ వదిలేస్తారు. అదొద్దంటే ఈడనే పారబోసి పొమ్మంటాండారు. ఏం చేస్తావు?"

అత్త రోకలి గుర్తొచ్చింది. ఈ వయసులో, మోకాళ్ళు వంగని మనిషి, మిల్లుకు ఇస్తే గుణం పోతుందని చేత్తో దంచింది.

"పారబోయండి," అన్నాను.

పెద్ద ప్లాస్టిక్ సంచిలోకి డబ్బా వంచారు. పొడి లేచింది. శొంఠి, వాము, పిప్పళ్ళు, నేతిలో వేయించిన వాసన. ఆ అద్దాల గోడల మధ్య, ఏ దేశపు మట్టి వాసనా లేని ఆ చోట, మా ఇంటి బాలింత గది వాసన కమ్ముకుంది. దూరంగా నిలబడినవాళ్ళు కూడా తలెత్తి చూశారు. డబ్బాను కూడా అందులోనే వేయబోతుంటే బూబమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"డబ్బా ఏం చేసిందంట? అది ఆళ్ళమ్మది. డబ్బా ఇయ్యమను."

ఇచ్చారు.

ఏదో కాగితం మీద సంతకం చేయించుకున్నాక ఆఫీసరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. జైలుకే అనుకున్నాను. ఆమె గేటు వైపు పరుగు లాంటి నడకతో నన్ను లాక్కుపోయింది. తలుపు దగ్గరి పిల్ల అప్పటికే తాడు అడ్డం వేసేసింది. ఆఫీసరమ్మ ఆమెతో ఏదో గట్టిగా అంది. ఆ పిల్ల నన్ను, నా సంచిని, నా ముఖాన్ని చూసి తాడు తీసింది. ఆ ఇద్దరినీ దేవుడు చల్లగా చూడాలి. కృతజ్ఞత చెప్పే భాష నాకు రాలేదు, చేతులు జోడించాను.

వెనక్కి తిరిగితే చాలా దూరంలో బూబమ్మ చెయ్యి ఊపుతోంది. "పో మే పో! బిడ్డకి నా సలాం చెప్పు!" అన్న కేక హాలంతా వినిపించింది. సాయిబు తువ్వాలు దులుపుకుని భుజం మీద వేసుకుంటున్నాడు. వాళ్ళ ఊరి పేరు అడిగాను గానీ ఇంటి గుర్తు అడగలేదు. మళ్ళీ చూడలేదు. రోజూ ప్రార్థనలో మాత్రం చూస్తాను.

మస్కట్‌లో చెల్లెలితో పనిచేసే నర్సు కారుతో వచ్చింది. ఆసుపత్రిలో చక్రాల మంచం గది బయట వరండాలోకి వచ్చేసి ఉంది. దాని మీద చెల్లెలు, ఆకుపచ్చ గౌను, జుట్టు టోపీలో. నెట్టడానికి వచ్చిన మనిషితో ఏదో వాదిస్తోంది. నన్ను చూసి మాట మధ్యలో ఆగిపోయింది.

"వచ్చేసినావా," అంది. అంతే. ముఖంలో బిగింపు వదిలింది.

"వచ్చినా మే. పొయ్యిరా లోపలికి."

"కాయం తెచ్చినావా?"

డబ్బా తీసి ఇచ్చాను. బరువు లేకపోవడం చేతికే తెలిసిపోయింది దానికి. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది.

"దారిలోనే తినేసినావా ఏంది అక్కా?" అంది, డబ్బా నా చేతికిచ్చి నవ్వుతూనే లోపలికి పోయింది.

తలుపు ఎదురుగా ఒక కుర్చీ ఉంది. కూర్చుని సంచిని ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ నర్సమ్మాయి మంచిది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని పసిగట్టి, క్యాంటీన్‌కు పోయి టీ తాగి రమ్మంది. "కుర్చీలో సంచి పెట్టి పోండి ఆంటీ, ఎవరూ తీయరు" అంది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె వెళ్ళి టీ అక్కడికే తెచ్చింది. అది చల్లారిపోయేదాకా నా చేతిలోనే ఉంది. తలుపు అవతల ఏ చప్పుడైనా లేచి నిలబడ్డాను గానీ కుర్చీ వదిలి కదల్లేదు.

ఏడుపు వినిపించింది. గట్టిగా, కోపంగా, మా అత్త గొంతులాగా. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమమని డాక్టరమ్మ బయటికి వచ్చి చెప్పినప్పుడు నేను నేల మీదనే మోకరించాను. ఎవరేమనుకున్నారో చూడలేదు.

తరువాత అత్తకు ఫోన్ చేశాను. ముందు బిడ్డ సంగతి చెప్పాను. ఆమె ఏడ్చింది, మళ్ళీ తేరుకుంది, బిడ్డ ఎవరి పోలిక అని అడిగింది. ఆమె గొంతు పోలిక అన్నాను. అప్పుడు కాయం సంగతి అంతా చెప్పాను, పారబోసిన దాకా.

"అత్తా, గసాలు వేసినావా?"

"నువ్వు వెయ్యొద్దంటివిగా."

"అయితే వెయ్యలేదా?"

"చేత్తో తీసి చాటలో పెట్టి, మళ్ళా సీసాలో పోసినా. వాటిని చూస్తా చూస్తానే మిగతావి దంచినా. నీ మాట నేను విన్నా. నా మాటే నువ్వు నమ్మకపోతివి."

ఖాళీ డబ్బా మూత మళ్ళీ బిగించాను.

"సరేలే మే," అంది అత్త. "రేపు మళ్ళా కొడతా. మన పక్క నుంచి ఎవురన్నా వస్తాంటే పంపిస్తా. ఆళ్ళకి చెప్పు, డబ్బా చేతిలోంచి దించొద్దని."